117వ కార్డు

"ఈ 11 నిమిషాలు ఏమయ్యాయి?"

మా ఆఫీసులో పెద్దాయన నన్ను అడిగింది ఈ ఒక్క మాటే. గొంతు పెంచలేదు, ముఖం చిట్లించలేదు. టెస్ట్ లాగ్ ప్రింట్ తీసి, రెండు లైన్ల మధ్య పెన్సిల్‌తో చిన్న గీత గీసి నా బల్ల మీద పెట్టారు. పై లైనులో టైము 2:14, కింది లైనులో 2:25.

ఆ 11 నిమిషాల్లో ఏం జరిగిందో నాకు తెలుసు. ర్యాకులో 240 మెమరీ కార్డులుంటే 117వది ఒక్కసారి పలకలేదు. తీసి, కాంటాక్టులు తుడిచి, మళ్లీ పెట్టాను. పలికింది. టెస్ట్ ముందుకు నడిపించాను. సాయంత్రం రిపోర్టులో 240కి 240 పాస్ అని రాశాను.

"సాకెట్ కాంటాక్ట్ సమస్య అనుకున్నానండీ."

"అనుకున్నారు. ఎక్కడ రాశారు?"

ఎక్కడా రాయలేదు.

జపాన్‌లో ఆఫీసులో అందరినీ ఇంటిపేరుతోనే పిలుస్తారు. మూడేళ్లయినా నాకిది అలవాటు కాలేదు. మన దగ్గర ఇంటిపేరు పెళ్లి శుభలేఖ మీదా, షాపు బోర్డు మీదా ఉంటుంది గానీ, ఆ పేరు పెట్టి మనిషిని ఎవరు పిలుస్తారు? ఆ రోజు పెద్దాయన నా ఇంటిపేరు పక్కన మన 'గారు' లాంటి 'సాన్' చేర్చి "ఎక్కడ రాశారు" అని అడిగితే, నరసరావుపేటలో మా నాన్న షాపు బోర్డును నిలబెట్టి అడిగినట్టు అనిపించింది. అందుకే అంత గుచ్చుకుంది.

మాది టోక్యో పక్కన కవాసాకిలో ఒక చిన్న కంపెనీ. మెమరీ కార్డు లోపల డేటా దాచే ఫ్లాష్ చిప్ పక్కనే కంట్రోలర్ అని ఇంకో చిన్న చిప్ ఉంటుంది. దానికి ప్రోగ్రాం రాయడం మా పని. కెమెరాలు, కార్లలో పెట్టే రికార్డర్లు చేసే కంపెనీలు మా దగ్గర తీసుకుంటాయి. నేను చేసే టెస్ట్ పేరు పవర్ కట్ టెస్ట్. కార్డు మీద డేటా రాస్తూ ఉండగా, ఏ క్షణంలో అని లేకుండా కరెంటు తీసేస్తాం. మళ్లీ ఇస్తాం. ఒక్కో కార్డుకి 5,000 సార్లు. కరెంటు కోతల్లో పుట్టి పెరిగిన నేను ఇంత దూరం వచ్చి చేస్తున్న పని, కరెంటు తీయడం.

రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నేను అబద్ధం రాయలేదే అని నాకు నేనే చెప్పుకున్నాను. కార్డు పనిచేసింది, పనిచేసిందనే రాశాను. పాడైనదాన్ని బాగుచేసి ముందుకు పోవడం తప్పెలా అవుతుంది? మా నాన్న జీవితమంతా చేసింది అదే కదా. రేడియోలు, టీవీలు, తర్వాత సెల్‌ఫోన్లు. పలకనిదాన్ని పలికించి చేతిలో పెడితే జనం దణ్ణం పెట్టి వెళ్లేవారు. మధ్యలో ఎన్నిసార్లు తీసి పెట్టావని ఎవరూ అడగలేదు.

మూడో రోజు మాత్రం ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ గుర్తొచ్చింది. మనలో చాలామందికి తెలిసిందే. గ్రాఫ్ ముందే తెలుసు. రీడింగు ఆ గ్రాఫ్ మీద పడకపోతే అబ్జర్వేషన్ బుక్ మీద సంతకం పడదు. సంతకం లేకపోతే రికార్డు లేదు, రికార్డు లేకపోతే ఇంటర్నల్ మార్కులు లేవు. మీటరే తప్పు చూపిస్తున్నా, వైరు తెగి ఉన్నా, సీనియర్ల రికార్డు చూసి రీడింగులు వేసేసేవాళ్లం. ఒకసారి డయోడ్ ప్రయోగంలో నాకు వింత రీడింగు వచ్చింది. సార్‌కి చూపించాను. "మళ్లీ తీయ్, సరిగ్గా వచ్చేదాకా తీయ్" అన్నారు. ఎందుకు అలా వచ్చిందో ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. సరిగ్గా వచ్చాక, మొదటి రీడింగును రబ్బరుతో చెరిపేశాను. నాలుగేళ్లపాటు చేతికి ఎక్కిన అలవాటు అది. 117వ కార్డు విషయంలో నేను కొత్తగా చేసిందేమీ లేదు. సరిగ్గా వచ్చేదాకా తీశాను. ముందుది చెరిపేశాను.

ఇక్కడ చేరిన మొదటి వారంలోనే 'హోరెన్సో' అని నేర్పిస్తారు. హోకొకు, రెన్‌రకు, సోదాన్: నివేదించడం, తెలియజేయడం, సలహా అడగడం. మూడింటి మొదటి అక్షరాలు కలిపితే జపనీస్‌లో పాలకూర పేరు అవుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అమ్మ చేసే పాలకూర పప్పే గుర్తొచ్చి, అసలు అర్థం ఎప్పుడూ మనసులోకి దిగలేదు. ప్రతి చిన్నదానికీ రిపోర్టు ఏమిటి, నమ్మకం లేదా అని విసుగు కూడా. ఆ విసుగు ఇప్పటికీ పూర్తిగా పోలేదు, ఉన్నమాట చెబుతున్నాను.

కానీ నేను పనిచేసే వస్తువే వేరే సంగతి చెబుతోంది. ఫ్లాష్ మెమరీ అంటే ఆక్సైడ్ పొరల మధ్య ఎలక్ట్రాన్లను బంధించి ఉంచడం. కరెంటు పోయినా అవి అక్కడే ఉంటాయి కాబట్టి ఫొటో నిలుస్తుంది. చెరిపి రాసిన ప్రతిసారీ ఆ పొర కాస్త అరుగుతుంది. ఎలక్ట్రాన్లు దాచే ఒక్కో చిన్న గదిని సెల్ అంటారు. అన్ని సెల్స్ బాగున్న చిప్ తయారుచేయాలని పట్టుబడితే ఎవరూ కొనలేని ధర అవుతుంది. అందుకే కార్డుల్లో వాడే నాండ్ రకం ఫ్లాష్‌ను చెడు బ్లాకులతోనే, అంటే చెడిన సెల్స్ గుంపులతోనే, అమ్ముతారు. ఒకప్పటి 1 గిగాబిట్ చిప్‌లో 1,024 బ్లాకులుంటే, వాటిలో కనీసం 1,004 మంచివని మాత్రమే డేటా షీట్‌లో హామీ ఉండేది. మిగతా 20 పుట్టుకతోనే చెడినవి కావచ్చు. అయితే ఫ్యాక్టరీలోనే ఒక్కోదాని మీద గుర్తు పెట్టి పంపుతారు. కంట్రోలర్ ముందు ఆ గుర్తులు చదివి, పట్టిక రాసుకుని, అటువైపు పోకుండా పనిచేస్తుంది. ఆ గుర్తు చెరిగిపోతే ఏది మంచిదో ఏది చెడ్డదో మళ్లీ తేల్చుకోవడం చాలా కష్టం. పట్టికలో ఉన్న చెడు బ్లాకు ఎవరినీ ఏమీ చేయదు. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరకముందే తెలుసు. తెలిసి కూడా 117ని పట్టికలోకి ఎక్కించలేదు.

ఆ మూడో రోజు సాయంత్రం పెద్దాయన ఇంటికి వెళ్లలేదు. ఆయన ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీలో డిజిటల్ కెమెరాలు చేసి రిటైరై, ఇక్కడ మళ్లీ చేరినవారు. బల్ల సొరుగు నిండా పాత కార్డులే: తొషిబా 1995లో తెచ్చిన స్మార్ట్‌మీడియా, సోనీ 1998లో తెచ్చిన మెమరీ స్టిక్, ఒలింపస్, ఫుజీఫిల్మ్ కలిసి 2002లో తెచ్చిన ఎక్స్‌డీ. ఒక్కో కంపెనీ తన కెమెరాకి తన కార్డే పెట్టాలని పట్టుబట్టిన రోజులవి. చివరికి పానాసోనిక్, తొషిబా, శాన్‌డిస్క్ కలిసి 1999లో ప్రకటించిన ఎస్‌డీ కార్డే నిలిచింది. ఆ సొరుగు పక్కకి జరిపి, 117వ కార్డులోని చిప్‌ను నేరుగా చదివే పరికరానికి పెట్టి, నన్ను పక్కన కూర్చోమన్నారు. రాత్రి పదిన్నర అయ్యింది.

సాకెట్‌కి ఏమీ కాలేదు. తప్పు మా ప్రోగ్రాంలోనే ఉంది.

మొదట్లో ఒక సెల్‌లో ఒక బిట్టే దాచేవారు. తర్వాత ధర తగ్గించడానికి రెండు, మూడు, ఇప్పుడు నాలుగు బిట్లు దాస్తున్నారు. రెండు బిట్లు దాచే చిప్‌లో ఆ రెండూ రెండు వేర్వేరు పేజీలకు, అంటే ఒక్కోసారి రాసే డేటా ముక్కలకు, చెందుతాయి. మొదటి పేజీ ముందు రాస్తాం, కొంతసేపటికి అవే సెల్స్ మీద రెండో పేజీ రాస్తాం. రెండోది రాస్తుండగా కరెంటు పోతే, ఎప్పుడో క్షేమంగా రాసేసిన మొదటి పేజీ కూడా పాడవుతుంది. అందుకని రెండోది మొదలుపెట్టే ముందు మొదటిదాన్ని వేరేచోట దాచుకోవాలి. మా ప్రోగ్రాం ఒకే ఒక్క సందర్భంలో ఆ దాచే పని దాటవేస్తోంది. కరెంటు తిరిగి రాగానే 117వ కార్డు తన పట్టిక సరిచేసుకుంటూ ఒక సెకను దాటించింది. ఎస్‌డీ కార్డు సెకనులోపు సిద్ధం కావాలి. అందుకే పలకలేదు. నేను తీసి పెట్టేసరికి సరిచేసుకోవడం అయిపోయింది, పలికింది. మా టెస్ట్ చివరగా రాసిన ఫైలునే సరిచూస్తుంది. పెద్దాయన పాత ఫైళ్లన్నీ తెరిపించారు. ఒకదాంట్లో 16 కిలోబైట్లు చెడిపోయి ఉన్నాయి. ఆ క్షణంలో ఎవరూ ముట్టుకోని ఫైలు.

నేను కుర్చీలో అలాగే ఉండిపోయాను. నాకు గుర్తొచ్చింది ఒక పెళ్లి.

2009లో నేను తొమ్మిదో తరగతి. అప్పటికి నాన్న షాపులో రిపేర్ల కన్నా పాటలు ఎక్కించడమే ఎక్కువ. పల్లెల నుంచి కుర్రాళ్లు చిన్న కార్డు పట్టుకొచ్చి, 2 జీబీ నింపమని 30 రూపాయలు ఇచ్చేవారు. కొత్త కార్డు అమ్మేముందు నాన్న దాన్ని పూర్తిగా నింపి, మొదటి పాట మళ్లీ వాయించి చూసేవారు. 8 జీబీ అని పైన రాసి లోపల 2 జీబీయే ఉండే నకిలీ కార్డులు, నిండే కొద్దీ పాత పాటల మీదే కొత్తవి రాసేసేవి. అలాంటివి ఎన్ని దొరికితే అన్నిటి మీదా మార్కర్‌తో అడ్డగీత కొట్టి పక్కన పడేసేవారు. కరెంటు కోత వేళకి పది నిమిషాల ముందు కాపీ మొదలుపెట్టనిచ్చేవారు కాదు. పెద్దాయన నన్ను అడిగిన నియమం మా షాపులో ఎప్పటి నుంచో ఉంది. ఇది జపాన్ వాళ్ల సొత్తని నేను ఒప్పుకోను. మా నాన్న దగ్గర లేని కొత్త నీతి ఏమీ వీళ్లు నాకు నేర్పలేదు. నేనే మధ్యలో ఎక్కడో వదిలేశాను.

ఆ వేసవిలో ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్ కార్డు తెచ్చాడు. ముహూర్తం వేళ బ్యాటరీ అయిపోతే, కెమెరా ఇంకా రాస్తుండగానే తీసి కొత్తది వేశానన్నాడు. నాన్న రాత్రంతా కూర్చుని చాలా ఫొటోలు బయటికి తీశారు. తలంబ్రాలు వచ్చాయి, అప్పగింతలు వచ్చాయి. జీలకర్ర బెల్లం ఫొటోలు మాత్రం సగం దాకా వచ్చి కింద బూడిద రంగు. ఆ ఫొటోలు బ్యాటరీ తీయడానికి ముందే తీసినవి, అవెలా పోతాయి, నువ్వే ఏదో చేశావ్ అని అతను కార్డును కౌంటర్ మీదికి విసిరేసి వెళ్లాడు. బజారులో నెలల తరబడి అదే మాట చెప్పాడు. నాన్న ఎవరికీ సమాధానం చెప్పుకోలేదు. ఆయన దగ్గర సమాధానం లేదు మరి.

కవాసాకిలో రాత్రి పదిన్నరకి ఆ సమాధానం నా ఎదురుగా స్క్రీన్ మీద ఉండవచ్చు. ముందు తీసినవి కాబట్టే పోయి ఉండవచ్చు.

ఇదంతా పెద్దాయనకి నా వచ్చీరాని జపనీస్‌లో చెప్పాను. జీలకర్ర బెల్లం ఏమిటో వివరించలేకపోయాను, పెళ్లి జరిగిన క్షణం అన్నాను. చెబుతూ చెబుతూ లోపల అణిచిపెట్టుకున్న ఇంకో మాట కూడా బయటికి వచ్చేసింది. కవాసాకి స్టేషన్ పడమర వైపు నేను రోజూ దాటే పెద్ద షాపింగ్ మాల్ ఒకప్పుడు తొషిబా ఫ్యాక్టరీ స్థలం. ఆ కంపెనీలో పనిచేసిన ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్‌ను, 1987లో నాండ్ ఫ్లాష్‌ను ప్రపంచానికి చెప్పారు. ముందుగా మార్కెట్ పట్టుకుని పరుగెత్తింది ఇంటెల్. 1992లో తొషిబాయే ఆ నాండ్ పరిజ్ఞానాన్ని శాంసంగ్‌కి లైసెన్స్ ఇచ్చింది. 1994లో మసువోకా తొహొకు విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. తన కనుగోలుకి తగిన ప్రతిఫలం కోసం 2004లో కోర్టుకెళ్లి 100 కోట్ల యెన్‌లు అడిగితే, 2006లో 8.7 కోట్ల దగ్గర రాజీ కుదిరింది. అమెరికాలో అణు వ్యాపారం ముంచేశాక 2018లో తొషిబా ఆ మెమరీ వ్యాపారాన్నే అమ్ముకుంది, ఇప్పుడది కియోక్సియా అనే కంపెనీ. "చెప్పమని మాకు నేర్పిస్తారు. అంత పెద్ద సంగతి చెప్పినాయన మాట మీరు విన్నారా?" అని అడిగేశాను.

మన ఊళ్లో అయితే ఆ వయసువారిని అలా అడిగేదాన్ని కాదు. ఆయన కొంచెంసేపు ఊరుకుని, "మీరన్నది నిజం" అన్నారు. తర్వాత ఇంకేమీ అనలేదు. పరికరం ఆపి, 117వ కార్డును చిన్న కవర్లో పెట్టి, పైన తేదీ నన్నే రాయమన్నారు. తప్పు ఎప్పుడు కనిపించింది అన్న గడిలో 2:14 అనీ, ఎప్పుడు తెలియజేశారు అన్న గడిలో మర్నాటి తేదీ అనీ నా చేత్తోనే రాశాను.

లిఫ్ట్ దగ్గర నిలబడి అడిగారు: "ఆ పెళ్లి కార్డు మీ నాన్నగారి దగ్గర ఇంకా ఉందా?"

ఇంటికి రాగానే ఫోన్ చేశాను. ఇక్కడ అర్ధరాత్రి, అక్కడ ఎనిమిదిన్నర.

"ఎందుకు లేదమ్మా, బిస్కెట్ డబ్బాలో ఉంది. కాగితంలో చుట్టి ఆ ఫొటోగ్రాఫర్ పేరు రాసి పెట్టా" అన్నారు నాన్న. 2016లో జియో వచ్చాక పాటలు ఎక్కించుకునేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. షాపు మూసేశాక కూడా ఆ డబ్బా ఇంటికి తెచ్చుకున్నారట.

ఇన్నేళ్లు కరెంటు చూడని కార్డు. బంధించిన ఎలక్ట్రాన్లు కొద్దికొద్దిగా జారిపోతూనే ఉంటాయి. ఇప్పుడు తెరిస్తే ఏమీ మిగిలి ఉండకపోవచ్చని నాన్నకి చెప్పాను.

"పోనీలే, ఎందుకు పోయాయో తెలిస్తే చాలు. పెట్టమంటావా?"

టోక్యోలోని నిషికసాయిలో ఉండే గుంటూరు వాళ్లబ్బాయి సంక్రాంతికి ఊరెళ్తున్నాడు. గోంగూర పచ్చడితో పాటు ఆ కార్డు కూడా తెమ్మన్నాను. ఎక్స్‌రేలో ఏమీ కాదు కదా అని నాన్న రెండుసార్లు అడిగారు. కాదు నాన్నా అన్నాను. అయినా రేకు కాగితంలో చుట్టి పంపుతానన్నారు.