లెలూష్ చావుతో ఎవరి బాకీ తీరింది?

కోడ్ గియాస్ అనే జపనీస్ అనిమే సిరీస్ చూసినవాళ్లు ఇద్దరు కలిస్తే, మాట ఎక్కడ మొదలైనా చివరికి దాని కథానాయకుడు లెలూష్ చావు దగ్గరికే వస్తుంది. చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవా అన్నట్టు అతడు చేసిన ఘోరాలకు ఆ చావు తగినదేనని ఒకరంటే, లోకం కోసం ప్రాణమిచ్చినవాణ్ణి అంత మాట అనడానికి నోరెలా వస్తుందని మరొకరు అడుగుతారు. ఈ రెండు వాదనలూ లెలూష్ వైపు నుంచే లెక్క వేస్తాయి. అతడు ఎంత తప్పు చేశాడు, అందుకు ఎంత చెల్లించాడు అని చూస్తాయే తప్ప, ఎవరికి బాకీ పడ్డాడో వాళ్లకు ఆ చెల్లింపు చేరిందా అని అడగవు. నేను ఆ ప్రశ్న వెంటే నడుస్తాను. ముగింపు మొత్తం ఇందులో చర్చకు వస్తుంది కనుక, ఇంకా చూడనివాళ్లు చూసిన తర్వాతే చదవడం మంచిది.

సన్‌రైజ్ స్టూడియో నిర్మించగా గొరో తనిగుచి దర్శకత్వంలో 2006లో మొదలైన ఈ కథ, 25 భాగాల చొప్పున రెండు సీజన్లుగా సాగి 2008 సెప్టెంబరులో ముగిసింది. బ్రిటానియా సామ్రాజ్యం జపాన్‌ను ఆక్రమించి, దాని పేరును కూడా చెరిపేసి ఏరియా 11 అని పిలుస్తుంది. తల్లి హత్యకు గురై, చెల్లెలు నన్నాలీ చూపునూ నడకనూ కోల్పోయాక, తండ్రి అయిన చక్రవర్తి వదిలేసిన బ్రిటానియా రాకుమారుడు లెలూష్ అక్కడ మారుపేరుతో విద్యార్థిగా బతుకుతుంటాడు. సి.సి. అనే వింత యువతి ద్వారా అతడికి గియాస్ అనే శక్తి వస్తుంది. కళ్లలోకి చూసి ఆజ్ఞాపిస్తే ఎదుటి మనిషి కాదనలేడు. అయితే ఒక మనిషి మీద అది ఒక్కసారే పనిచేస్తుంది. ఆ శక్తితో, జీరో అనే ముసుగుతో, అతడు సామ్రాజ్యం మీద తిరుగుబాటు లేవదీస్తాడు.

మొదటి భాగంలోనే అతడు తనకు తాను ఒక నియమం పెట్టుకుంటాడు. తూటా తగిలించుకోవడానికి సిద్ధపడినవాడికే తుపాకీ పేల్చే హక్కు ఉందన్నది ఆ నియమం. లెలూష్ చావు న్యాయమేనని వాదించేవారికి ఇంతకంటే బలమైన ఆధారం లేదు, ఎందుకంటే చివరికి అతడు తన నియమం ప్రకారమే పోయాడు. కానీ ఆ నియమాన్ని కాస్త నిలదీయాలి. అది చంపేవాడి గురించి చెబుతుంది. చచ్చిపోయేవాడి గురించి ఏమీ చెప్పదు. నేను చావడానికి సిద్ధంగా ఉన్నాను గనుక నిన్ను చంపవచ్చు అనే మాటలో, ఆ ఎదుటివాడు దేనికి సిద్ధపడ్డాడన్న ప్రశ్నకు చోటే లేదు. నరితా కొండ కింద పట్టణంలో ఉన్న, లెలూష్ తోటి విద్యార్థిని షిర్లీ తండ్రి ఏ తుపాకీ పట్టుకున్నాడు? లెలూష్ పన్నిన వ్యూహం వల్ల కొండచరియలు విరిగిపడి ఆయన మరణించాడు. తనను ప్రేమిస్తున్న షిర్లీ వానలో తడుస్తూ తన ముందే ఏడుస్తుంటే, ఆ ఏడుపుకు కారణం తానేనని తెలిసీ లెలూష్ చెప్పలేకపోయాడు. తర్వాత ఆమె నిజం తెలుసుకుని కుమిలిపోతుంటే, గియాస్‌తో ఆమె జ్ఞాపకాల్లోంచి తనను తాను తుడిచేసుకున్నాడు. అది దయతో చేసిన పనేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ తండ్రిని చంపినవాడెవరో తెలుసుకునే హక్కు, అతడిని క్షమించాలో వద్దో తేల్చుకునే హక్కు ఆ అమ్మాయికి ఉన్నాయి; ఆ రెండూ ఆ దయలోనే పోయాయి.

ఈ కథలో అసలు గాయం యూఫెమియా. ఆమె లెలూష్‌కు సవతి చెల్లెలు, చిన్ననాటి నేస్తం. జపనీయులు తమ పేరుతో తాము బతికేలా ఫూజీ పర్వతం దగ్గర ఒక ప్రత్యేక ప్రాంతాన్ని ఆమె ప్రకటిస్తుంది, జీరోకు కూడా అందులో చోటిస్తుంది, అందుకోసం సింహాసనం మీద తన వారసత్వ హక్కునే వదులుకుంటుంది. ఆ ప్రారంభ సభకు లెలూష్ వెళ్లింది అభినందించడానికి కాదు. గియాస్‌తో ఆమె చేతనే తన మీద కాల్పులు జరిపించి, ప్రాణాలతో బయటపడి, ఆమె మాట మీద జనానికి ఉన్న నమ్మకాన్ని కూల్చాలన్నది అతడి ఎత్తు. అందుకోసమే తనిఖీలో పట్టుబడని తుపాకీ కూడా వెంట తెచ్చుకున్నాడు. తీరా ఏకాంతంగా మాట్లాడాక అతడి మనసు కరుగుతుంది. నువ్వే గెలిచావని ఒప్పుకుని ఆమె చెయ్యి అందుకుంటాడు. రెండు సీజన్లలోనూ అతడి ముఖం అంత తేలికగా ఉన్న సందర్భం నాకు మరొకటి గుర్తులేదు.

సరిగ్గా అప్పుడే గియాస్ అతడి అదుపు తప్పుతుంది. తన శక్తి ఎంతటిదో చెప్పడానికి, జపనీయులను చంపమని నేను చెబితే నువ్వు కాదనలేవంటూ అతడు సరదాగా ఉదాహరణ ఇస్తాడు. ఎడమ కన్ను అప్పటికే వశం తప్పి ఉంది. ఆ మాట ఆజ్ఞ అయిపోతుంది. వద్దు, నేను చంపను అని ఆమె లోలోపల పెనుగులాడే ఆ కొన్ని క్షణాలు చూడటం చాలా కష్టం. ఆ తర్వాత సభలోకి పరుగెత్తి, ఎప్పటి మర్యాదతోనే, చిరునవ్వుతోనే, జపనీయులను చనిపోమని కోరి కాల్పులు మొదలుపెడుతుంది. సైనికులనూ అదే పని చేయమంటుంది.

దీన్ని ప్రమాదమనే చాలామంది అంటారు. ఆ ఒక్క క్షణం వరకు అది ప్రమాదమే. కానీ ఆమె మనసును లోబరచుకోవాలన్న ఉద్దేశంతోనే కదా అతడు ఆ గదిలో అడుగుపెట్టింది! మనసు మార్చుకున్నందుకు అతడికి దక్కవలసిన మెప్పు దక్కాలి. అయితే జరిగిన ఘోరానికి ముందున్న ఆ ఎత్తుగడను లెక్కలోంచి తీసేయకూడదు. ఇక ఆ తర్వాత అతడు చేసినది మాత్రం ప్రమాదం కాదు. ఆజ్ఞను వెనక్కి తీసుకునే దారి లేక యూఫెమియాను తన చేతులతోనే కాల్చి చంపాడు, అంతవరకు గత్యంతరం లేదనుకుందాం. కానీ ఆ మారణకాండను బ్రిటానియా చేసిన మోసంగా ప్రకటించి, జనం కోపాన్ని కూడగట్టి, స్వతంత్ర జపాన్ పేరుతో టోక్యో మీదికి దండెత్తాడు. జపనీయుల కోసం కిరీటాన్నే వదులుకున్న అమ్మాయి చరిత్రలో మారణకాండ రాకుమారిగా మిగిలింది. ఆ పేరు లెలూష్ తిరుగుబాటుకు పెట్టుబడి అయింది. అవసాన సమయంలో ఆమె, లెలూష్ చిన్ననాటి స్నేహితుడూ తన అంగరక్షక యోధుడూ అయిన సుజాకును అడిగింది ఆ ప్రత్యేక ప్రాంతం ఏమైందనే. అంతా బాగా జరిగిందని అతడు అబద్ధం చెప్పవలసి వచ్చింది.

యూఫెమియా గురించి మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, రెండో సీజన్‌లో గియాస్ శక్తి మీద పరిశోధనలు చేసే రహస్య సంస్థ మీద జరిగిన దాడి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నాకు ఇదే మరింత బరువైన నేరంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇందులో కన్ను అదుపు తప్పడం లేదు, పొరపాటు లేదు. తనకు తమ్ముడిగా నటిస్తూ పక్కన చేరిన రోలో షిర్లీని చంపేశాక, చావొద్దు చావొద్దని గియాస్‌తో ఎన్నిసార్లు ఆజ్ఞాపించినా ఆ చావు ఆగకపోయాక, గియాస్ అనేదే లోకంలో మిగలకూడదన్న కసితో లెలూష్ ఆ సంస్థను తుడిచిపెట్టమంటాడు. అక్కడున్నది ఆయుధాలు లేని పరిశోధకులు, పిల్లలు. ఆజ్ఞ పాటించిన అతడి మనుషులే చేసిన పనికి కలవరపడ్డారు. ఆ పిల్లల్లో ఒక్కరి పేరూ మనకు తెలియదు. వాళ్ల తరఫున కథలో కన్నీరు పెట్టుకునేవాళ్లు లేరు, అభిమానుల చర్చల్లోనూ పెద్దగా లేరు. ముగింపు చూసి అంతా తీరిపోయిందని ఎవరైనా అన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది వీళ్లే.

ఇప్పుడు ఆ ముగింపు, అంటే జీరో రెక్వియం. తండ్రి చార్ల్స్‌ను అంతం చేసి 99వ చక్రవర్తి అయిన లెలూష్, సైనికులను గియాస్‌తో బానిసలుగా మార్చుకుని, ప్రపంచాన్ని గెలిచి, కావాలనే అందరి ద్వేషాన్నీ తన మీదికి లాక్కుంటాడు. బందీలను మరణశిక్షకు ఊరేగిస్తున్న దారిలో జీరో ముసుగు వేసుకున్న సుజాకు ప్రత్యక్షమై, నడివీధిలో, జనం చూస్తుండగా కత్తితో అతడిని పొడుస్తాడు. ద్వేషమంతా అతడితోపాటే పోతుందని, మిగిలినవాళ్లు చర్చలతో బతుకుతారని పథకం. నాటకీయతలో దీనికి సాటివచ్చే ముగింపులు అనిమేలో అరుదు. రక్తపు చారతో వేదిక మీదినుంచి జారి నన్నాలీ పక్కకు చేరిన అన్న చేతిని ఆమె పట్టుకుని, ఆ స్పర్శతోనే అసలు ఉద్దేశం గ్రహించి విలవిలలాడుతుంటే, చుట్టూ జనం జీరో పేరుతో జేజేలు కొడుతుంటారు. ఎన్నిసార్లు చూసినా ఆ చోట నాకు గొంతు పూడుకుపోతుంది.

కానీ దాన్ని శిక్ష అనడానికి నాకు మనస్కరించదు. శిక్ష అన్నది బాధితులో, వారి తరఫున నిలబడిన సమాజమో విధించేది. ఇక్కడ నేరం ఏమిటో లెలూష్ నిర్ణయించాడు, తీర్పు లెలూష్ రాసుకున్నాడు, రోజు, వేదిక, తలారి అన్నీ తానే ఎంచుకున్నాడు. పైగా లోకం అతడిని ద్వేషించింది అతడు చేసిన నేరాలకు కాదు. ద్వేషించడం కోసమే అతడు తయారుచేసిన వేరే నేరాలకు. నియంత చచ్చాడని ఆ వీధిలో సంబరపడ్డ జనంలో ఎంతమందికి ఫూజీ దగ్గర నిజంగా ఏం జరిగిందో తెలుసు? లెలూష్ సవతి అన్న ష్నైజెల్ వినిపించిన రికార్డింగు వల్ల తిరుగుబాటుదారుల నాయకులకు తెలుసు, సుజాకుకు తెలుసు. వాళ్లెవరూ బయటికి చెప్పినట్టు తెర మీద మనకు కనిపించదు. అంతకుముందు కురురుగి మందిరం దగ్గర తాను సుజాకు కాళ్ల మీద పడినప్పుడు కూడా, అది అదుపు తప్పిన క్షణమని చెప్పకుండా అంతా తానే చేశానని లెలూష్ నేరం నెత్తిన వేసుకున్నాడు. సాకులు వెతక్కపోవడంలో గొప్పతనం ఉంది, కాదనను. అయితే ఆ గొప్పతనం వల్ల కూడా యూఫెమియా ఎలా పోయిందో లోకానికి తెలియలేదు.

అబద్ధాలు లేని ప్రపంచాన్ని తెస్తానన్న తండ్రిని లెలూష్ ఎదిరించాడు. మనుషులకు రేపు అనేది కావాలని, అబద్ధమాడటం కూడా ఆ రేపటి కోసం చేసే ప్రయత్నమేనని వాదించాడు. ఆ వాదనలో నేను అతడి పక్షమే. కానీ శాంతిని అబద్ధం మీద కట్టాలని తేల్చుకున్నప్పుడు, ఆ అబద్ధం కింద ఎవరు నలుగుతారో కూడా చూసుకోవాలి. నలిగినవాళ్లలో బతికున్నవాళ్లూ ఉన్నారు. తన పేరు, ముఖం, జీవితం వదులుకుని జీరోగానే చివరిదాకా బతకమని సుజాకుకు అప్పగించి వెళ్లాడు. చనిపోవాలని తపించిన ఆ యువకుడికి, బతుకు అని ఒకప్పుడు గియాస్‌తో ఆజ్ఞాపించింది కూడా లెలూషే. నన్నాలీ కోరుకున్నదల్లా అన్నయ్యతో కలిసి ఉండటం. ఆమె కోసమే మొదలైన యుద్ధం సరిగ్గా ఆ ఒక్కదాన్నే ఆమెకు దక్కనివ్వలేదు. అతడికి క్షణాల్లో ముగిసిన బాధ వీళ్లిద్దరికీ జీవితమంత పొడుగు.

కాబట్టి అతడు ఆ చావుకు అర్హుడా అని అడిగితే, శిక్షకు మాత్రం అర్హుడేనని నిస్సంకోచంగా అంటాను. తల్లిని పోగొట్టుకున్న పిల్లవాడని, తండ్రి వదిలేసినవాడని, పదిహేడు పద్దెనిమిదేళ్లవాడని ఎంత జాలిపడినా, ఆ పిల్లల మీద దాడి చేయించినవాణ్ణి ఊరికే వదిలేయలేం. అయితే అతడికి తగిన శిక్ష కత్తిపోటు కాదు, బతికి నిజం చెప్పడం. జనం జేజేల మధ్య చనిపోవడం కంటే, షిర్లీ తల్లి ముందు నిలబడి నీ భర్త చావుకు కారణం నేనని చెప్పడం అతడికి ఎంతో కష్టమైన పని. అంతటి ధైర్యవంతుడు ఆ ఒక్క ధైర్యం మాత్రం చూపలేదు. అయినా అతడు పోతుంటే ఏడుస్తాను, ఏడ్చినందుకు సిగ్గుపడను. తప్పు చేసినవాణ్ణి ప్రేమించడం, అతడి తప్పును తప్పనడం రెండూ ఒకే మనసులో ఉండగలవని ఈ సిరీస్ చూసినప్పుడల్లా నాకు మళ్లీ నమ్మకం కలుగుతుంది.

2019లో వచ్చిన సినిమా అతడిని తిరిగి బతికించింది. ఆ సినిమా, టీవీ సిరీస్‌ను కుదించి, షిర్లీ చనిపోకుండా మార్చి తీసిన సంకలన చిత్రాల కథకు కొనసాగింపు కనుక, టీవీ సిరీస్ ముగింపును అది చెరపదు. నా ప్రశ్నకు జవాబు కూడా అందులో లేదు. నేను కోరుకున్నది పునరుజ్జీవనం కాదు, ఆఖరి భాగం చివర్లో చిన్న సన్నివేశం ఒకటి. అన్న చేతిని పట్టుకుని నిజం తెలుసుకున్న నన్నాలీయే, యుద్ధం తర్వాతి బ్రిటానియా ప్రతినిధిగా జపనీయుల ముందు నిలబడి, ఫూజీ దగ్గర యూఫెమియా తన ఇష్టంతో ఆ పని చేయలేదని ప్రకటించి ఉండవలసింది. గియాస్ రహస్యం బయటపడితే శాంతి చెదురుతుందనే భయం ఉంటే, ఆ భయాన్ని ఎదుర్కోవలసిన బాధ్యత బతికున్నవాళ్లది. దాని ఖరీదును చనిపోయిన అమ్మాయి పేరు మీద మోపడం నాకు సమ్మతం కాదు.