మంగు మచ్చలకు రాసిన క్రీము కిడ్నీ దాకా వెళ్ళింది

పాప పుట్టాక నా బుగ్గల మీద మంగు మచ్చలు వచ్చాయి. పసుపు, చందనం, మెడికల్ షాపువాళ్ళు ఇచ్చిన ట్యూబులు అన్నీ వాడేశాను. ట్యూబు రాసినన్నాళ్ళు తగ్గేవి, మానేస్తే మునుపటికంటే నల్లగా తేలేవి.

మాది రాజోలు దగ్గర పల్లె. మా వైపు గల్ఫ్‌కి వెళ్ళిన మనిషి లేని వీధి ఉండదు. మా ఆడపడుచు కువైట్‌లో ఇళ్ళలో పని చేస్తుంది. సెలవుకి వచ్చినప్పుడు పాలపొడి, బాదంపప్పు, సెంటు సీసాలతో పాటు నాకోసం ఒక క్రీము డబ్బా తెచ్చింది. అక్కడ తన రూములో అందరూ అదే రాస్తారట. "రాత్రి పడుకునేముందు రాసుకో వదినా. గొలుసు, దిద్దులు తీసేసి రాసుకో, బంగారానికి తగలకూడదంట" అని చెప్పింది. ఆ మాట అప్పుడు నగల మీద జాగ్రత్తగానే వినపడింది.

అరచేతిలో పట్టే తెల్ల డబ్బా. మూత మీద ఒకమ్మాయి బొమ్మ, చుట్టూ నాకు రాని లిపి. లోపల కొంచెం బూడిదరంగు కలిసినట్టున్న చిక్కటి క్రీము. ఏమేం కలిపారో, ఎక్కడ తయారు చేశారో, ఎప్పటిదో ఎక్కడా లేదు. కానీ పని మాత్రం చేసింది. కొద్ది వారాల్లోనే మచ్చలు పలచబడ్డాయి, ముఖం తేటపడింది. "ఏం రాస్తున్నావే?" అని పక్కింటి పిన్ని కూడా అడిగింది.

కొన్ని నెలలకి పొద్దున్న లేస్తే కళ్ళ కింద ఉబ్బు కనపడటం మొదలైంది. నిద్ర చాలడం లేదేమో అనుకున్నాం. తర్వాత సాయంత్రానికి పాదాలు వాచేవి. రోజూ పెట్టుకునే వెండి పట్టీలు మడమ దగ్గర బిగిసిపోయి తీయడానికి సబ్బు రాయాల్సి వచ్చింది. చీలమండ మీద వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు అలాగే ఉండేది. మూత్రంలో నురగ, రెండు చెంబుల నీళ్ళు పోసినా పోయేది కాదు. ముద్ద సహించడం లేదు, బరువు మాత్రం పెరుగుతోంది.

ఊళ్ళో డాక్టరుగారు ముందు థైరాయిడ్ చూశారు, అందులో ఏమీ లేదు. యూరిన్ టెస్టులో ప్రోటీన్ నాలుగు ప్లస్సులు రాగానే కాకినాడలో కిడ్నీ డాక్టరు దగ్గరికి పంపారు. అక్కడ ఒక రోజంతా మూత్రం క్యానులో పట్టి ఇమ్మన్నారు. మామూలుగా 24 గంటల్లో 150 మిల్లీగ్రాములు దాటకూడని ప్రోటీన్ నాకు 7 గ్రాములు పోతోంది. రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ 3.5 పైన ఉండాలి, నాకు 1.9. నూనె వాసనే గిట్టని రోజుల్లో కొలెస్ట్రాల్ 380. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ మాత్రం బాగానే ఉంది. "కిడ్నీ జల్లెడ లాంటిదమ్మా. మీకు దాని కన్నాలు పెద్దవయ్యాయి" అన్నారు డాక్టరమ్మ.

బయాప్సీకి బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద దిండు పెట్టి, వీపుకి మత్తు సూది ఇచ్చారు. సూది ముక్క తీసుకునేటప్పుడు టక్‌మని స్ప్రింగు విడిచిన చప్పుడు. నొప్పికంటే ఆ చప్పుడే ఎక్కువ భయపెట్టింది. రిపోర్టులో మెంబ్రేనస్ నెఫ్రోపతీ అని వచ్చింది, అంటే కిడ్నీలో ఆ జల్లెడ పొర దెబ్బతినే జబ్బు. ఈ జబ్బులో ఎక్కువమందికి ఆ ముక్కలో పీఎల్ఏ2ఆర్ అనే ప్రోటీన్ పాజిటివ్ వస్తుందట. నాకు అది నెగెటివ్ వచ్చి, నెల్-1 అనే ఇంకో ప్రోటీన్ పాజిటివ్ వచ్చింది. నెల్-1 కొందరిలో క్యాన్సర్‌తో పాటు కనపడుతుందని స్కానులు రాశారు. ఆ స్కానుల రిపోర్టులు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అన్నీ నార్మల్.

"భస్మాలు, నాటు మందులు ఏమైనా వాడారా?" అని అడిగారు. లేదన్నాం. కొన్ని నాటు మందుల్లో పాదరసం ఉంటుందని, దానికీ నెల్-1కీ సంబంధం ఉందని చెప్పారు. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని ముఖం పక్కన పెట్టి చూశారు. "చేతులది ఒక రంగు, ముఖానిది ఒక రంగు. ముఖానికి ఏం రాస్తున్నారమ్మా?"

మా ఆయన అదే రోజు ఇంటికెళ్ళి డబ్బా తెచ్చారు. రక్తం, మూత్రం హైదరాబాద్ ల్యాబుకి పంపితే రెండిట్లోనూ పాదరసం ఎక్కువ ఉందని వచ్చింది.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవ్వాలంటే టైరోసినేజ్ అనే ఎంజైమ్ పని చేయాలి. పాదరసం లవణాలు దాన్ని ఆపేస్తాయి, అందుకే మచ్చ అంత తొందరగా పలచబడుతుంది. చర్మంలోంచి ఇంకిన పాదరసం మాత్రం వెళ్ళి కిడ్నీలో చేరుతుంది. బంగారానికి తగలకూడదన్న మాట కూడా అందుకేనట. పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుందని కంసాలి ఎవరైనా చెబుతారు. నా మెడలో గొలుసుకి ఉన్న కాపలా నా బుగ్గలకు లేకపోయింది!

నాలాంటి వాళ్ళు చాలామందే ఉన్నారు. కేరళలో కొట్టక్కల్ డాక్టర్లు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబర్ దాకా ఈ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలిస్తే 15 మందికి నెల్-1 పాజిటివ్. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు రాసినవాళ్ళే. మన దేశంలో 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ముఖానికి రాసే క్రీములో, కావాలని కలపకపోయినా, పాదరసం 10 లక్షల్లో ఒక వంతు దాటకూడదు. సూట్‌కేసులో చీరల మధ్య వచ్చే డబ్బాని ఏ రూలు ఆపుతుంది?

వైద్యంలో మొదటి పని క్రీము మానడం. ప్రోటీన్ పోకుండా బీపీ మాత్ర, నీరు దిగడానికి ఒకటి, కొలెస్ట్రాల్‌కి ఒకటి ఇచ్చారు. స్టెరాయిడ్ ఇప్పుడే వద్దు, చూద్దాం అన్నారు. ఉప్పు బాగా తగ్గించమన్నారు. గోదావరి జిల్లాలో పుట్టి ఆవకాయ, ఎండుచేప లేకుండా తినడం ఎలాంటిదో తిన్నవాళ్ళకే తెలుసు.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది పాప సంగతి. పాదరసం తువ్వాలుకి, దిండు గలీబుకి అంటుతుంది, కొంచెం కొంచెంగా ఆవిరై గాల్లోకీ వస్తుంది. క్రీము ఎన్నడూ ముట్టని పిల్లల ఒంట్లో కూడా అది దొరికిన సందర్భాలు ఉన్నాయట. పాప రోజూ నా చెంపకి చెంప ఆనించి పడుకునేది. దానికీ టెస్టు చేయిస్తే కొద్దిగా కనపడింది, కిడ్నీకి ఏమీ కాలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు గలీబులు, తువ్వాళ్ళు, పాత దుప్పటి కవర్లో కట్టి తీసేశాం. కాల్చొద్దని గట్టిగా చెప్పారు, కాలిస్తే పాదరసం పొగలో కలుస్తుంది.

ముందు కళ్ళ ఉబ్బు తగ్గింది, తర్వాత కాళ్ళ వాపు. ప్రోటీన్ మాత్రం నెలల తరబడి మెట్టు మెట్టుగా దిగింది. 7 గ్రాముల నుంచి 4, తర్వాత 1.5, మొన్న చూస్తే అర గ్రాము. ఆల్బుమిన్ 3.8కి చేరింది. నీటి మాత్ర ఆపేశారు, బీపీ మాత్ర నడుస్తోంది. మంగు మచ్చలు మళ్ళీ వచ్చాయి. ఎండలోకి వెళ్తే గొడుగు వేసుకుంటున్నాను, చర్మ డాక్టరు రాసిన సన్‌స్క్రీన్ రాస్తున్నాను, అంతే.

మా ఆడపడుచుకి ఫోన్ చేసి చెబితే మొదట నమ్మలేదు. "ఇక్కడ అందరూ రాస్తున్నారు వదినా, ఎవరికీ ఏం కాలేదు" అంది. రిపోర్టులు ఫొటో తీసి పంపాను. రూములో ఒకామెకి కొన్నాళ్ళుగా కాళ్ళు వాస్తున్నాయని, నిలబడి పనిచేయడం వల్ల అనుకుంటున్నారని అప్పుడు చెప్పింది. ఆమెకి యూరిన్ టెస్టు చేయించారు, ప్రోటీన్ మూడు ప్లస్సులు. వచ్చే నెల ఇద్దరూ సెలవు పెట్టి వస్తున్నారు. కాకినాడలో ఇద్దరికీ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.