వాచీ బెల్టు కొనేముందు ఒక్క మాట

నా స్మార్ట్‌వాచ్‌తో వచ్చిన సిలికాన్ బెల్టు చూడ్డానికి బాగానే ఉండేది. అసలు సంగతి వేసవిలో తెలిసింది. విజయవాడలో మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా, పొద్దున తొమ్మిదింటికే బెల్టు కింద చెమట నిలిచిపోయి, సాయంత్రానికి మణికట్టు చుట్టూ ఎర్రగా ఒక గీత, దాని మీద చిన్న చిన్న పొక్కులు, రాత్రంతా దురద. సిలికాన్ నాకు పడదేమో అనుకుని చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆవిడ ముందు అడిగింది స్నానం చేసేటప్పుడు వాచీ తీస్తారా అని. నేను తీసేవాణ్ణి కాదు. సబ్బు, చెమట కలిసి బెల్టు కింద ఉండిపోయి, తడి ఆరక, పైగా ఒరుసుకుంటుంటే దద్దుర్లు వస్తాయట. నికెల్ పడని వాళ్లకైతే ఎక్కువగా బకిల్ ఆనే చోటే వస్తుందని చెప్పారు.

అప్పుడు తోలు బెల్టుకి మారాను. ఏసీ గదిలో కూర్చునే వాళ్లకి అది నిజంగా మంచిదే, హుందాగా ఉంటుంది. నాది రోజూ ఎండలో బండి మీద తిరిగే పని. రెండు నెలలకే లోపలివైపు నల్లబడి వాసన మొదలైంది, తోలుని ఉతకలేం కదా. స్టీలు జల్లెడలా ఉండే మిలనీస్ బెల్టుకి గాలి బాగా ఆడుతుంది కానీ చేతి వెంట్రుకలు పట్టి లాగుతుంది, అయస్కాంతంతో అతుక్కునేదైతే వాచీలో దిక్సూచి తప్పు చూపించొచ్చు కూడా.

చివరికి వెల్క్రో ఉన్న నైలాన్ నేత బెల్టు దగ్గర ఆగాను. మెత్తగా ఉండడం ఒక్కటే కారణం కాదు. మన మణికట్టు రోజంతా ఒకే సైజులో ఉండదు. ఎండలో తిరిగినప్పుడు, వ్యాయామం చేసినప్పుడు కాస్త ఉబ్బుతుంది, చల్లబడ్డాక తగ్గుతుంది. రంధ్రాల బెల్టుతో మధ్యాహ్నం ఒక రంధ్రానికి పెడితే బిగుసుకుపోయేది, పక్కదానికి పెడితే జారిపోయేది. జారితే వాచీ వెనక వెలిగే పచ్చ లైటు చర్మానికి సరిగా ఆనదు, గుండె వేగం తప్పు చూపిస్తుంది. ఇప్పుడైతే నడకకి వెళ్లేటప్పుడు మణికట్టు ఎముకకి ఒక వేలెడు పైన పెట్టి బిగిస్తాను, ఇంటికొచ్చాక కాస్త వదులు చేసుకుంటాను. కొనేటప్పుడు రంగు, డిజైన్ కంటే ముందు చూడాల్సింది ఈ సర్దుబాటే అని నా గట్టి అభిప్రాయం.

నైలాన్ తడిస్తే ఆరడానికి టైం పడుతుంది. అందుకే రెండు కొన్నాను, ఒకటి సబ్బు నీళ్లలో ఉతికి ఆరేస్తే రెండోది చేతికి ఉంటుంది. వెల్క్రోలో నూగు చేరితే పట్టు తగ్గుతుంది, పాత టూత్‌బ్రష్‌తో గీకేస్తే సరి. ఈత కొట్టేవాళ్లకి మాత్రం నైలాన్ చెప్పను, ఎఫ్‌కేఎం అనే ఫ్లోరిన్ కలిసిన సింథటిక్ రబ్బరు తీసుకోండి, ధర ఎక్కువైనా చెమటకీ నూనెకీ అంత తొందరగా పాడవదు, సిలికాన్‌లా దుమ్మూ పట్టదు.

మన్నిక సంగతికొస్తే, ముందు బెల్టుని వాచీకి పట్టి ఉంచే పిన్ను దూరే చోట చూడండి. నా సిలికాన్ బెల్టు అక్కడే చిరిగి, బెంజ్ సర్కిల్ దగ్గర బండి దిగుతుంటే వాచీ రోడ్డు మీద పడింది, గ్లాసు మీద గీత ఇప్పటికీ ఉంది. నైలాన్‌లో అదే చోట కుట్టు రెండు వరసలు ఉందో లేదో చూడాలి. వాచీకి బెల్టు తగిలే చోట వెడల్పు స్కేలుతో కొలవండి, చాలావాటికి 20 లేదా 22 మిల్లీమీటర్లు ఉంటుంది, 2 మిల్లీమీటర్లు తేడా వచ్చినా కూర్చోదు. పిన్నుకి చిన్న మీట ఉన్న రకమైతే గోటితో లాగి మార్చుకోవచ్చు, షాపుకి వెళ్లక్కర్లేదు.

మా అమ్మకి వేళ్ల కీళ్ల నొప్పులు, బకిల్ పెట్టుకోవాలంటే ఎవరో ఒకరు పక్కన ఉండాల్సిందే. నా రెండో బెల్టు ఆవిడ వాచీకి వేసి చూశాం. తనే పెట్టుకుంది, తనే తీసింది. ఇప్పుడు అదే రకం ముదురాకుపచ్చలో కావాలంటోంది.