మా గుమ్మం మీది మాట

2023 జూన్‌లో నాకు టీబీ అని తేలింది. అంతకుముందు రెండు నెలలు ఒక ప్రైవేటు డాక్టరు దగ్గుమందు, యాంటీబయాటిక్స్ మార్చి మార్చి రాస్తూనే ఉన్నాడు. కళ్లె పరీక్ష చేయించాలని ఆయనకి తట్టలేదు, అడగాలని నాకు తెలియలేదు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, తెల్లవారుజామున దిండు తడిసేంత చెమట. 52 కిలోల మనిషిని 43కి దిగాను. గాజులు మోచేతి దాకా జారుతుంటే ఒకరోజు అన్నీ తీసి బీరువాలో పెట్టేశాను.

నాలుగేళ్ల పాపకి అంటుకుంటుందన్న భయంతో దాన్ని విజయవాడలో అత్తయ్య దగ్గర వదిలి, అవనిగడ్డ పక్కనున్న మా పుట్టింటికి వచ్చేశాను. (దానికీ పరీక్ష చేసి, ముందుజాగ్రత్త మందు మొదలుపెట్టారు.) ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం. నా బరువుకి రోజూ మూడు మాత్రలు, పరగడుపున. మొదటి రోజు మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని కేకపెట్టాను. "మందు రంగేనమ్మా" అని ఆశా కార్యకర్త నవ్వింది. ఆ ముక్క ముందే చెప్తే ఏం పోయింది!

రంగు సంగతి సరే, వికారంతోనే చచ్చేదాన్ని. అన్నం ఉడికే వాసనకే కడుపులో తిప్పేది. చర్చి వాళ్లు వచ్చి గేటు బయటే నిలబడి ప్రార్థన చేసి, "దేవుడు నమ్మదగినవాడమ్మా" అని వెళ్లేవారు. మంచి మనసుతోనే అనేవారు గానీ, నాకు ఒళ్లు మండేది. మాత్రలు మానేసి ప్రార్థనలో కూర్చోమన్నాడు ఒకాయన. "మందు మాత్రం ఎవరిచ్చారయ్యా?" అని నాయనమ్మ ఆయన్ని సాగనంపింది.

నా మంచం వరండాలో. పడుకుంటే ఎదురుగా గుమ్మం పైన సిమెంటు అక్షరాలు, నీలం రంగులో: ఎబెనెజరు. క్రైస్తవుల ఇళ్ల మీద తరచూ కనిపించే పేరే. చిన్నప్పుడు అది మా ఇంటిపేరనుకునేదాన్ని. బైబిల్లో సమూయేలు అనే ప్రవక్త ఒక రాయి నిలబెట్టి, ఇంతవరకు యెహోవా మనకు సహాయం చేశాడని దానికి పెట్టిన పేరది. మా ఇంటి మీద రాయించింది నాయనమ్మ. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమని ముంచినప్పుడు ఆమెకి ముగ్గురు పిల్లలు. మా నాన్నని కొంగుతో నడుముకి కట్టుకుని తుమ్మచెట్టు పట్టుకుంది. మిగతా ఇద్దరూ దొరకలేదు.

ఒక రాత్రి ఉండబట్టలేక అడిగేశాను. "ఇద్దరు పిల్లలు పోయాక కూడా సహాయం చేశాడని ఎలా రాయించావు నాయనమ్మా?"

ఆమె తమలపాకు ఈనె తీస్తోంది. తలెత్తలేదు.

"వాళ్లనెందుకు తీసుకెళ్లావని ఇప్పటికీ అడుగుతానే. ఆయన్ని కాక ఎవర్నడగను?" కాసేపు ఆగి, "అక్కడున్నది ఇంతవరకు అనేగా. రేపటి సంగతి రాయించలేదు నేను. మీ నాన్న మిగిలాడు. తాటాకు పాక పోయి గోడలు లేచాయి. లెక్క చూసుకుంటే రాయించబుద్ధయింది" అంది.

ఆరు నెలలు ఎలా గడుస్తాయా అని టెన్షన్ పడుతున్నదాన్ని, మర్నాటి నుంచి అయిపోయిన రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఖాళీ అయిన మాత్రల అట్టలు పారెయ్యకుండా, వెనక బాల్‌పెన్నుతో రాసేదాన్ని. 'ఇడ్లీ కడుపులో నిలిచింది.' 'పాప ఫోన్లో పాట పాడింది.' 'రాత్రి చెమట లేదు.' కొన్ని రోజులైతే రాయడానికేమీ ఉండేది కాదు. 'మాత్రలు వేసుకున్నాను' అని రాసేదాన్ని.

రెండో నెల చివర కళ్లెలో క్రిములు కనిపించలేదు. మందుల్లో ఒక రకం తగ్గించారు. టీబీ రోగుల తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ కింద అప్పట్లో నెలకి వచ్చే 500 రూపాయలు గుడ్లకే సరిపోయేవి. మెల్లగా గాజులు మళ్లీ మణికట్టు దగ్గర ఆగాయి.

డిసెంబరులో కోర్సు పూర్తయింది. క్రిస్మస్‌కి సున్నాలు వేస్తుంటే గుమ్మం మీద అక్షరాలు వెలిసిపోయాయని నాయనమ్మ ఒకటే గొణుగుడు. పెయింటరు వచ్చేదాకా ఆగకుండా నేనే స్టూలు ఎక్కాను. పాప కింద నిలబడి నీలం డబ్బా పట్టుకుంది. 'రు' దగ్గరికొచ్చేసరికి చెయ్యి లాగింది గానీ, ఆయాసం రాలేదు.