నాటికిప్పుడే

"పోవడానికి భయం లేదురా, పోయేముందు ఏమవుతుందోనన్నదే బెంగ." మా అమ్మమ్మ ఇలా అన్నప్పుడల్లా నేను, "ఇప్పుడా మాటలెందుకు? నువ్వు నూరేళ్లుంటావు" అనేవాణ్ణి. దాంతో ఆవిడ బెంగ పోలేదు, నాతో చెప్పుకోవడం మానేసిందంతే. రాత్రి మూడింటికి లేచి మంచం అంచున కూర్చుని, తన మణికట్టు తానే పట్టుకుని నాడి చూసుకునేది.

దాశరథీ శతకంలో రామదాసు ఈ బెంగను దాచుకోలేదు.

ముప్పున కాలకింకరులు ముంగిటవచ్చినవేళ రోగముల్
గొప్పరమైనచో కఫము కుత్తుక నిండినవేళ బాంధవుల్
గప్పినవేళ మీస్మరణ గల్గునొ గల్గదొ నాటి కిప్పుడే
తప్పక చేతు మీభజన దాశరథీ కరుణాపయోనిధీ

ఇక్కడ ముప్పు అంటే ముసలితనం. ఇవాళ ఆ మాటను ప్రమాదానికే వాడుతున్నాం. యమభటులు, రోగాలు, గొంతులో కఫం సరే, ఆ వరసలో బంధువులు చుట్టుముట్టడాన్ని కూడా చేర్చాడాయన! మనం ఓదార్పు అనుకునేది ఆయనకు అడ్డంకిగా తోచింది. ఏడుపులూ పిలుపుల మధ్య మనసు నిలవడం కష్టమే మరి.

నన్ను పట్టేసింది మాత్రం "గల్గునొ గల్గదొ". అంతటి భక్తుడికీ ఆ క్షణం మీద పూచీ లేదు. ముకుందమాల అనే సంస్కృత స్తోత్రంలో కులశేఖర ఆళ్వారుదీ ఇదే మాట: ప్రాణం పోయే వేళ కఫవాతపిత్తాలు గొంతుకు అడ్డుపడితే నీ స్మరణ ఎక్కడిది, నా మనసనే రాజహంస ఇప్పుడే నీ పాదాల పంజరంలో చేరనీ అంటాడు.

గీత ఎనిమిదో అధ్యాయంలో "అంతకాలే చ మామేవ", అంటే చివరి వేళ నన్నే తలుస్తూ పోయినవాడు నన్నే చేరతాడన్న మాట విన్న పెద్దవాళ్లకు కొత్త టెన్షన్ ఒకటి మొదలవుతుంది. ఆఖరి క్షణంలో పేరు గుర్తు రాకపోతే? పరీక్ష హాల్లో చదివిందంతా మరిచిపోయినట్టు. రెండు శ్లోకాలు దాటితే "సర్వేషు కాలేషు మామనుస్మర యుధ్య చ" అని ఉంది. అన్ని వేళలా తలుచుకో, చేయాల్సిన యుద్ధమూ చెయ్యి అని. ఎందుకో ఇది అంతగా చెప్పరు.

ఒక రాత్రి అమ్మమ్మ పక్కన కూర్చుని, "ఏమిటి నీ భయం, చెప్పు" అన్నాను. చాలాసేపు చెప్పింది. మంచాన పడటం, మాట పడిపోవడం, ఇంకొకరు అన్నం తినిపించడం. తర్వాత ఈ పద్యం ఎత్తుకుంది. "గల్గునొ గల్గదొ" దగ్గర ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి గానీ తర్వాతి మాట రావడం లేదు.

"నాటి కిప్పుడే" అని నేనందించాను.