అటకామాలో పాసంగం

తిరుపతిలో ఫిజిక్స్ చదివి చిలీలోని అటకామా ఎడారిలో మైక్రోవేవ్ టెలిస్కోపు పనికి వచ్చేవాళ్ళు ఆకాశాన్ని కొలుస్తామనుకుంటారు. ఎక్కువ రోజులు కొలిచేది సొంత పరికరాన్నే.

వెతికేది చిన్న మెలిక. 2.725 కెల్విన్ల విశ్వ నేపథ్య కాంతి, అంటే మహావిస్ఫోటం మిగిల్చిన వెలుగు, 1,380 కోట్ల ఏళ్ళుగా వస్తోంది. కుడి ఎడమల మధ్య తేడా చూపే క్షేత్రం, ఇంకా ఊహలోనే ఉన్న ఆక్సియాన్ లాంటిది, దారిలో ఉంటే ధ్రువణ తలం, అంటే కాంతి తరంగం ఊగే దిశ, కాస్త తిరుగుతుంది. అప్పుడు ధ్రువణ నమూనాల్లో అద్దంలోనూ మారని E-మోడ్‌లో కొంత, అద్దంలో గుర్తు మారే B-మోడ్‌లోకి జారుతుంది. సున్నా కావాల్సిన EB సహసంబంధం, అంటే ఆ రెండిటి పొంతన, సున్నా కాదు. 2020లో మినామి, కొమాత్సు అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్లాంక్ ఉపగ్రహం డేటాలో చూసిన మెలిక 0.35 డిగ్రీలు, అటూ ఇటూ 0.14 తేడాతో. ఊరించే అంకె, తేల్చే అంకె కాదు.

డిటెక్టరు 0.3 డిగ్రీలు వంకరగా కూర్చున్నా ఇదే ఫలితం వస్తుంది మరి. తక్కెడ పాసంగం చూడకుండా బంగారం తూచినట్టే. వాళ్ళిద్దరూ పట్టుకున్న కిటుకు పాలపుంత ధూళి. అది దగ్గరిది, దాని కాంతి మెలిక తిరిగేంత దూరం రాదు, అందులో కనిపించేది పరికరం వంకర ఒక్కటే. కానీ ధూళి పోగులు అయస్కాంత క్షేత్రానికి పక్కగా ఒరిగితే ధూళికే EB ఉంటుంది, లెక్క చెడుతుంది.

అందుకే కొండ మీద టెలిస్కోపు కిటికీ ముందు సన్నని తీగల జాలీ బిగించి, కోణం కోణానికీ తిప్పి, ఒక్కో డిటెక్టరు స్పందన రాసుకుంటారు. జాలీ దిశకు ఆధారం వాలు మీటరు. దాని సున్నా తప్పితే మొత్తం తప్పే. ఇంకో దొంగ ఉంది, గడియారం. ధ్రువణ దిశను తిప్పే అర్ధతరంగ పలక సెకనుకు 2 చుట్లు తిరుగుతుంటే ఒక్క మిల్లీసెకను ఆలస్యం 1.44 డిగ్రీల ధ్రువణ కోణం అవుతుంది, అంటే వెతికే మెలికకు నాలుగింతలు! డిటెక్టరు స్పందన వేగం ఆ రోజు గాలిలో తేమను బట్టి మారుతుంది కాబట్టి ఒకసారి కొలిచి వదిలేస్తే కుదరదు.

ఆ తేమ వల్లే ఈ పని హార్స్‌లీ కొండల మీద సాగదు. ఇక్కడ 5,200 మీటర్లు, తిరుమలకు ఐదింతల పైనే. గాలి సగం. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకునే స్పానరు పట్టాలి, మరలు లెక్కపెట్టి మరీ బిగించాలి, తల మొద్దుబారి ఒకటి మరిచిపోవడం మామూలే. నీళ్ళు 83 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కరు లేకుంటే అన్నం పలుకే. పడక మాత్రం కింద, 2,400 మీటర్ల ఎత్తున్న సాన్ పెద్రో ఊళ్ళో.

డిసెంబరు నుంచి మార్చి దాకా తేమ గాలులు, మంచు. సెలవు అడగాలంటే అప్పుడే, సంక్రాంతికి దొరుకుతుంది. గంగమ్మ జాతరకు ఆశ పెట్టుకోవద్దు, మే నెలలో ఇక్కడ ఆకాశం పొడిగా ఉంటుంది.