సుంకి ఘాటీ, పుష్యమాసం, వెనక చక్రాల బండి

సాలూరు దాకా చలికాలమన్న ఊసే లేదు. విజయనగరంలో భోజనాలు చేసి బయల్దేరి, గజపతినగరం, రామభద్రపురం మీదుగా వస్తుంటే ఎండ చురుక్కుమంటూనే ఉంది. లారీల ఊరు సాలూరులో టీలు తాగి, 26వ నంబరు జాతీయ రహదారి మీద కోనవలస దాటామో లేదో, వెనక సీట్లో మా ఆవిడ శాలువాలు బయటకి తీసింది. సుంకి దగ్గర రాష్ట్రం మారుతుంది. గాలి అంతకుముందే మారిపోతుంది.

సిమిలిగుడలో మా మేనమామ మనవరాలికి అన్నప్రాశన. 1936లో ఒడిశా ఏర్పడేదాకా కోరాపుట్ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోదే కాబట్టి అటువైపు మాకు చుట్టరికాలు ఎక్కువ. బండినిండా జనం. వెనక డిక్కీలో బియ్యం మూట, అరిసెల డబ్బాలు, పట్టెమంచం మీద వేసే కొత్త పరుపు. మాది బొలేరో. ఇంజను ముందుంటుంది, బండిని తోసేవి మాత్రం వెనక చక్రాలు. అంబాసిడరూ, ప్రీమియర్ పద్మినీ కూడా అంతే. 1983లో మారుతి 800 వచ్చాకే ముందు చక్రాలు లాగే కార్లు మన వీధుల్లోకి వచ్చాయి. ఇప్పుడు ఊళ్ళో తిరిగే చిన్న కార్లు దాదాపు అన్నీ అవే. కోరాపుట్ కొండల్లో అలా కాదు. బొలేరో, పికప్పు, ఈకో, పాత కమాండర్ జీపు, ఏది చూసినా వెనక చక్రాలదే.

దానికి కారణం ఘాటీ ఎక్కుతుంటే వెన్నుకి తెలుస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి బరువు వెనక్కి వాలుతుంది. తోసే చక్రాల మీదే బరువు పడుతుంది గనక అవి రోడ్డుని గట్టిగా పట్టుకుంటాయి. తడిసిన హెయిర్‌పిన్ మలుపులో ముందు చక్రాల కారు ఒక్కోసారి కీచుమంటూ తిరుగుతుంది, మా బండి జనంతో, సామానుతో అలవోకగా ఎక్కేసింది. ముందు చక్రాలకి దారి చూపడం తప్ప వేరే పని లేదు, అందుకే స్టీరింగు చేతిలో తేలిగ్గా ఉంటుంది. ఈ సుఖం నాకు చాలా ఇష్టం. ఎన్ని కొత్త కార్లు నడిపినా కొండ ఎక్కాలంటే నాకు ఈ బండే కావాలి.

దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. బరువు ముందుకి జారి వెనక తేలిపోతుంది. ఆ సంగతి నాకు మావయ్య దేవమాలి మీద చూపించాడు.

మావయ్య సునాబెడా, జయపురం మధ్య చాలా ఏళ్ళు జీపు నడిపిన మనిషి. దేవమాలి ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ, 1672 మీటర్లు. అన్నప్రాశన అయిన మర్నాడు మంచు విడిచాక పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళాం. పైన గాలి చెంపల మీద కొడుతోంది, ఎండ వచ్చినా గడ్డి ఇంకా తడిగానే ఉంది. కింద మబ్బుల మధ్య లోయలు. అక్కడ గంటసేపు కూర్చున్నాం. దిగుతుంటే మొదటి వంపు దగ్గర నా చెయ్యి గేరు మీదకి పోవడం చూసి మావయ్య అన్నాడు: "ఒరే, మలుపులోకెళ్ళాక గేరు ముట్టకు. ముందే దించీ."

దాని వెనక ఉన్న సంగతి చాలామందికి తెలియదు. వెనక చక్రాల బండిలో ఇంజను పట్టు పడేది వెనక చక్రాల మీద మాత్రమే. వెనక అసలే తేలిక. రోడ్డు తడి. మూడులోంచి రెండుకి దించి క్లచ్చి ఒక్కసారి వదిలేస్తే, బ్రేకు తొక్కకపోయినా వెనక టైర్లు బిగిసి జారతాయి. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగిసిపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకుల్ని మాత్రమే చూసుకుంటుంది, క్లచ్చి వదిలిన కుదుపుతో దానికి పని లేదు. మలుపుకి ముందు తిన్నటి రోడ్డు మీద ఉండగానే గేరు దించి, క్లచ్చి మెల్లగా వదిలి, ఆ వేగంతోనే వంపు దాటాలి. దేవమాలి నుంచి కిందకి వచ్చేదాకా అదే చేశాం.

ఇంకో పాఠం టైర్ల గాలి. విజయనగరం ఎండలో 30 పాయింట్లు పట్టించిన టైరు, ఇరవై డిగ్రీలు తక్కువున్న సిమిలిగుడ తెల్లవారుజాములో దాదాపు మూడు పాయింట్లు తక్కువ చూపిస్తుంది. గాలి పోయినట్టు కాదు, చలికి ముడుచుకుంది. బండి కదలకముందు, టైరు చల్లగా ఉండగానే చూసి సరిచేసుకోవాలి. రెండే కొత్త టైర్లు కొంటే అవి వెనకే వేయించాలని మావయ్య పట్టుదల. చాలా షాపుల్లో ముందుకి వేద్దామంటారు. మావయ్య మాటే నిజం. ముందు టైరు జారితే బండి తిరగక తిన్నగా పోతుంది, కాలు తీస్తే చాలావరకు లొంగుతుంది. వెనక టైరు జారితే బండే తిరిగిపోతుంది.

తిరుగు ప్రయాణానికి మా ఆవిడా పిల్లలూ పండగ వరకూ అక్కడే ఉంటామన్నారు. సాలూరులో పనుందని మావయ్య నాతో వచ్చాడు. అంటే దిగే దారి, తెల్లవారుజాము, వెనక ఖాళీ. మావయ్య నన్నేమీ అడక్కుండానే మూడు చోడి (రాగుల) బస్తాలు, ఒక అల్లం బస్తా తెచ్చి వెనక ఇరుసుకి సరిగ్గా పైన పడుకోబెట్టి తాడుతో కట్టాడు. తలుపు దాకా నెట్టకూడదట. బరువు ఇరుసు దాటి వెనక్కి పోతే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు పలచనవుతుంది. అమెరికాలో మంచు కురిసే ఊళ్ళో ఉండే మా బావమరిది చలికాలమంతా పికప్పులో ఇసక బస్తాలు వేసుకుని తిరుగుతాడు. మంచుకి ఇసక, ఇక్కడ చోళ్ళు. ఆ దేశంలో ఏడు డిగ్రీలకన్నా చలి పెరిగితే మామూలు రబ్బరు గట్టిపడుతుందని చలికాలపు టైర్లు వేరే వేసుకుంటారు. మనకా అవసరం లేదు గానీ బరువు సూత్రం మాత్రం ఎక్కడైనా ఒకటే.

చలిలో డీజిల్ ఇంజనుని ముందుగా వేడిచేసే హీటరు లైటు ఆరేదాకా ఆగి స్టార్టు చేశాం. కుందులి దాటేసరికి పొగమంచు బానెట్టు చివర దాకా వచ్చింది. హైబీము వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు. డిమ్ములో, ఎడమ అంచు తెల్లగీత పట్టుకుని వెళ్ళాలి. నడుస్తూ నడుస్తూ నాలుగు ఇండికేటర్లూ వేసుకునే వాళ్ళంటే నాకు భయం. ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు.

పొట్టంగికి ఇవతల ఒక కుడి మలుపులో రోడ్డు రంగు మారింది. చోడి పనలు. కోతలయ్యాక కళ్ళం లేనివాళ్ళు బళ్ళ చక్రాల కింద నలగడానికి రోడ్డు మీద పరుస్తారు. రాత్రంతా మంచుకి నాని, తారు మీద మెత్తగా అతుక్కుని ఉంది గడ్డి. మెల్లగానే వెళ్తున్నా వెనక చక్రాలు ఎక్కగానే సీటు కింద ఏదో వదులైనట్టనిపించింది. తోక ఎడమకి జరిగింది. మావయ్య అరవలేదు, నా మోచెయ్యి మీద చెయ్యి వేశాడంతే. బ్రేకు జోలికి పోలేదు. యాక్సిలరేటరు మీద కాలు ఒక్కసారి ఎత్తేయకుండా కొద్దికొద్దిగా తగ్గిస్తూ, తోక ఎటు పోయిందో స్టీరింగు అటే, అంటే ఎడమకే, తిప్పాను. టైరు మళ్ళీ తారుని పట్టిన క్షణం నడుముకి తెలిసింది. ఆ క్షణంలోనే స్టీరింగు తిన్నగా చేసెయ్యాలి. ఆలస్యమైతే బండి రెండోవైపుకి ఇంకా గట్టిగా విసురుతుంది. కళ్ళు మాత్రం లోయ వైపు కాదు, వెళ్ళాల్సిన రోడ్డు వైపే ఉండాలి. బస్తాలు లేకపోతే ఆ తోక అంత తొందరగా నిలబడేది కాదు.

అవతల ఆపాం. పొలం గట్టున దంపతులు చలి కాచుకుంటున్నారు. మావయ్య ఒడియా, తెలుగు కలిపి మాట్లాడాడు. పనలు నూర్చుకోవద్దనలేదు, మలుపులోంచి తీసి తిన్నటి రోడ్డు మీదకి మార్చుకోమన్నాడు. సంవత్సరమంతా తినే గింజలవి. కళ్ళం లేకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? నలుగురం కలిసి గడ్డి ఈడ్చాం. చేతులు మొద్దుబారిపోయాయి. ఆవిడ వేడి వేడి అంబలి పోసింది.

సుంకి నుంచి కిందకి రెండో గేరులోనే దిగాం. ముందు వెళ్తున్న లారీ బ్రేకులు మాడిన వాసన వస్తోంది. మావయ్య అద్దం దించి, మా బ్రేకు డ్రమ్ముల వాసనేమో అని ఒకసారి పీల్చి చూసుకుని, మళ్ళీ అద్దం ఎత్తేశాడు. కోనవలస దగ్గర ఎండ తగిలింది. సాలూరులో ఒక బస్తా మావయ్య తన స్నేహితుడికి దింపించుకున్నాడు, మిగతావి విజయనగరం దాకా ఉంచెయ్యమన్నాడు.